పళ్లు పుచ్చకుండా అందరూ కలిసి చేయవలసిన పనులు: బడి నుంచి మొదలుపెట్టే పద్ధతి

పన్ను పుచ్చడం ప్రపంచంలో అత్యంత విస్తారంగా ఉన్న జబ్బుల్లో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, శాశ్వత దంతాలు పుచ్చి చికిత్స అందనివారు సుమారు 200 కోట్ల మంది ఉండగా, పాలపళ్లు పుచ్చిన పిల్లలు 51 కోట్లకు పైగా ఉన్నారు. ఇంతమందిని బాధిస్తున్న ఈ జబ్బు ఎందుకు వస్తుందో, దాన్ని ఎలా ఆపవచ్చో దశాబ్దాలుగా తెలుసు. అయినా అది తగ్గకపోవడానికి ప్రధాన కారణం, దంతాల సంరక్షణను ఎవరి ఇంట్లో వారు చూసుకోవలసిన సొంత వ్యవహారంగా వదిలేయడమేనని నా గట్టి నమ్మకం.

పళ్లు శుభ్రంగా తోముకోవాలని, తీపి తగ్గించాలని గోడల మీద రాయించినంత మాత్రాన, ఏడాదికోసారి దంతవైద్యుణ్ణి పిలిపించి మాట్లాడించినంత మాత్రాన పుచ్చు తగ్గదు. అటువంటి కార్యక్రమాల వల్ల జనానికి తెలిసిన విషయాలు పెరుగుతాయి గాని, పళ్ల పరిస్థితిలో నిలకడైన మార్పు రావడం అరుదు. నిజంగా మార్పు రావాలంటే, పన్ను గట్టిపడేందుకు తోడ్పడే ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు ప్రతి పన్నుకూ రోజుకు రెండుసార్లు తగలాలి, తీపి పంటికి తగిలే సార్లు తగ్గాలి, కొత్తగా వచ్చిన దవడ పళ్లకు వచ్చీరాగానే రక్షణ దొరకాలి. ఇవన్నీ ఒక్కో కుటుంబం ఓపిక మీదా, స్థోమత మీదా ఆధారపడకుండా, పిల్లలూ పెద్దలూ రోజూ చేరే చోటనే జరిగిపోయేలా ఏర్పాటు చేయడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఉపాధ్యాయులు, శిశు సంరక్షణ కేంద్రాల నిర్వాహకులు, ఆరోగ్య కార్యకర్తలు, తల్లిదండ్రుల సంఘాలు, వృద్ధాశ్రమాలు నడిపేవారు తమ తమ పరిధిలో దీన్ని అమలు చేసుకోవచ్చు.

పన్ను ఎందుకు పుచ్చుతుంది

నోట్లో సహజంగానే ఉండే బ్యాక్టీరియా పంటి మీద పలచటి జిగట పొరగా పేరుకుంటుంది. దాన్నే పాచి అంటాం. మనం తిన్న చక్కెరను ఆ బ్యాక్టీరియా కొద్ది నిమిషాల్లోనే ఆమ్లంగా మారుస్తుంది. పంటి ఉపరితలం దగ్గర పీహెచ్ విలువ (ఆమ్లం పెరిగిన కొద్దీ ఇది తగ్గుతుంది) సుమారు 5.5 కంటే తగ్గితే, పంటి పైన గట్టి పొర అయిన ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి పోవడం మొదలవుతుంది. ఆ తరువాత లాలాజలం ఆమ్లం తీవ్రతను మెల్లగా తగ్గించి, పోయిన ఖనిజాలను తిరిగి పంటికి చేరుస్తుంది. ఇందుకు దాదాపు అరగంట నుంచి గంట దాకా పడుతుంది. ఈ లోగా మళ్లీ ఏదైనా తీపి నోట్లో వేసుకుంటే పన్ను కోలుకునే ప్రక్రియ మధ్యలోనే ఆగిపోయి, కరగడం మళ్లీ మొదటి నుంచి ప్రారంభమవుతుంది. అందువల్ల రోజుకు మొత్తం ఎంత తీపి తిన్నామన్నది ముఖ్యమే అయినా, ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా పంటికి అంతే ముఖ్యం.

ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది స్వీడన్‌లోని వీపెహోల్మ్ ఆసుపత్రిలో 1940లలో మొదలైన అధ్యయనం. భోజనంతో పాటు చక్కెర తీసుకున్నవారిలో పుచ్చు కొద్దిగానే పెరగగా, భోజనానికీ భోజనానికీ మధ్య పళ్లకు అంటుకునే మిఠాయిలు తిన్నవారిలో అది విపరీతంగా పెరిగింది. మానసిక వైకల్యం ఉన్న ఆసుపత్రివాసుల మీద, వారి సమ్మతి లేకుండా చేసిన ఆ ప్రయోగం నేటి నైతిక ప్రమాణాల ప్రకారం ఎంతమాత్రం అంగీకరించదగినది కాదు. వారి నొప్పి వల్ల తెలిసిన సంగతిని కనీసం సద్వినియోగం చేసుకోవలసిన బాధ్యత మన మీద ఉంది.

పుచ్చు రంధ్రంతో మొదలుకాదు. ఎనామెల్ లోపలి ఖనిజం కొంత తగ్గినప్పుడు పంటి మీద, ముఖ్యంగా చిగురు అంచున, నిగారింపు లేని సుద్దలాంటి తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ దశలో నొప్పి ఉండదు, పంటి ఉపరితలం చెక్కుచెదరదు. అప్పుడే తీపి తగ్గించి ఫ్లోరైడ్ క్రమం తప్పకుండా అందిస్తే ఆ మచ్చ అక్కడే ఆగిపోతుంది, కొన్నిసార్లు తిరిగి గట్టిపడుతుంది. ఫ్లోరైడ్ కరిగిన చోట ఖనిజాలు త్వరగా చేరేలా చేయడమే కాక, అలా తిరిగి ఏర్పడిన భాగం ఆమ్లానికి మునుపటికంటే బాగా తట్టుకునేలా చేస్తుంది. ఉపరితలం కూలి గుంట పడిన తరువాత మాత్రం పంటికి పాత ఆకారం తిరిగి రాదు. సామూహికంగా చేసే పనికి అసలు అవకాశం ఈ తెల్ల మచ్చ దశలోనే ఉంది గనుక, మొదట దాన్ని గుర్తించడం నేర్చుకోవాలి.

మొదలుపెట్టే ముందు పరిస్థితి తెలుసుకోవడం

ఏ కార్యక్రమమైనా మొదలుపెట్టే ముందు పిల్లల నోటి పరిస్థితి ఎలా ఉందో ఒకసారి నమోదు చేసి పెట్టుకోవాలి. లేకపోతే ఏడాది తరువాత మేలు జరిగిందో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు. సాధ్యమైతే దంతవైద్యుల చేతనో, దంత కళాశాల విద్యార్థుల చేతనో పరీక్ష చేయించడం మంచిది. అది కుదరకపోతే శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త కూడా ప్రాథమికంగా చూడవచ్చు. తల్లిదండ్రుల లిఖిత అనుమతి తీసుకున్న తరువాత, బిడ్డను వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టి, శుభ్రమైన చేతితో పై పెదవిని మెల్లగా పైకి లేపి ముందు పళ్లు చిగురును కలిసే చోటును చూడాలి. పసిపిల్లల్లో పుచ్చు చాలాసార్లు అక్కడే, పై ముందు పళ్ల మీద మొదలవుతుంది, కాని పెదవి కప్పి ఉంచడం వల్ల నొప్పి వచ్చేదాకా ఎవరి కంటా పడదు. పంటి మీద ఉన్నది పాచే అయితే తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచి ఆరనిచ్చాక కూడా తెల్లగా, మెరుపు లేకుండా మిగిలితే అది ఖనిజం తగ్గిన మచ్చ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ తరువాత నోరు బాగా తెరిపించి, టార్చి వెలుగులో దవడ పళ్ల నమిలే భాగాలను చూడాలి.

పుస్తకంలో రాసుకోవలసినవి కొద్దిపాటి వివరాలే. తెల్ల మచ్చలున్నవారు ఎందరు, గుంటలు పడినవారు ఎందరు, నొప్పి గాని చీముపొక్కు గాని ఉండి వెంటనే వైద్యం కావలసినవారు ఎందరు, గడచిన నెలల్లో పంటినొప్పి వల్ల బడి మానినవారు ఎందరు అన్నవి చాలు. ఒక బిడ్డ నోటి పరిస్థితిని ఇతర పిల్లల ఎదుట బయటికి చదవడం, పుచ్చిన పళ్లున్నవారిని పక్కన నిలబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అలా చేస్తే తరువాతిసారి ఆ బిడ్డ నోరు తెరవదు.

బడిలో రోజూ బ్రష్ చేయించడం

నన్ను ఒకే ఒక్క పని ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. స్కాట్లాండ్‌లో చైల్డ్‌స్మైల్ అనే జాతీయ కార్యక్రమం కింద నర్సరీ బడుల్లో పెద్దల పర్యవేక్షణలో పిల్లల చేత రోజూ బ్రష్ చేయిస్తున్నారు. ఆ పద్ధతి విస్తరించిన కాలంలోనే అక్కడి చిన్నపిల్లల్లో పుచ్చు గణనీయంగా తగ్గింది. పేద ప్రాంతాల పిల్లలకు కూడా ఆ మేలు అందింది. చికిత్సల మీద ఆదా అయిన ఖర్చు కార్యక్రమానికైన ఖర్చును మించిందని లెక్కలు కూడా వేశారు. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. చేతులు కడుక్కునే తొట్టి లేని తరగతి గదిలో కూడా ఈ పని చేయవచ్చు.

ముందుగా సమయం నిర్ణయించుకోవాలి. పొద్దున్నే బడికి చేరగానే అయినా, మధ్యాహ్న భోజనం తరువాత అయినా ఫరవాలేదు గాని, రోజూ అదే సమయానికి జరగాలి. తరగతికి ఒకరు కాకుండా ఇద్దరు పెద్దలు ఈ పని నేర్చుకొని ఉండాలి. ఒక్కరి మీదే ఆధారపడితే వారు సెలవు పెట్టిన రోజున ఆగిపోతుంది. అలా నాలుగు రోజులు ఆగితే మళ్లీ మొదలుపెట్టడం కష్టమవుతుంది. అలవాటైన తరువాత మొత్తం పనికి పది నిమిషాల కంటే ఎక్కువ పట్టదు. బోధన, భోజనాల వంటి అనేక బాధ్యతలు మోస్తున్న ఉపాధ్యాయుల మీద మరొక పని వేస్తున్నామన్న సంగతి మరచిపోకూడదు. కాబట్టి సామగ్రి సర్దడం, కడగడం, లెక్క రాయడం వంటివి తల్లిదండ్రుల సంఘం గాని సహాయకులు గాని పంచుకోవాలి.

టూత్‌పేస్టు కొనేటప్పుడు డబ్బా మీద ఫ్లోరైడ్ ఎంత ఉందో చదవాలి. 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) వరకు ఉన్నది ఎంచుకోవాలి. పిల్లల బొమ్మలు వేసి అమ్మే కొన్ని పేస్టుల్లోనూ, సహజమైనవని చెప్పుకునే కొన్నింటిలోనూ ఫ్లోరైడ్ అసలు ఉండదు లేదా చాలా తక్కువగా ఉంటుంది. అవి నోటికి సువాసన ఇస్తాయి గాని పుచ్చును ఆపలేవు. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు సరిపోతుంది. ప్రకటనల్లో బ్రష్ నిండా పరచి చూపించేంత పేస్టు చిన్నపిల్లలకు ఎప్పుడూ వాడకూడదు. దాన్ని మింగితే, దంతాలు ఏర్పడే వయసులో అధిక ఫ్లోరైడ్ వల్ల మచ్చలు వచ్చే అవకాశం ఉంది. పేస్టు గొట్టాలను పిల్లలకు అందని చోట భద్రపరచాలి. కొన్ని పేస్టుల్లో పాలకు సంబంధించిన ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి, అలర్జీలు ఏమైనా ఉన్నాయేమో అనుమతి పత్రంలోనే అడిగి తెలుసుకోవాలి.

పేస్టును గొట్టం నుంచి నేరుగా ఒక్కో బ్రష్ మీద పెడుతూ పోతే గొట్టం మూతి ఒక బ్రష్ నుంచి మరొక బ్రష్‌కు క్రిములను మోసుకుపోతుంది. అందుచేత పెద్దవారు చేతులు కడుక్కుని, శుభ్రమైన పళ్లెం మీదనో కాగితం మీదనో పిల్లల సంఖ్యను బట్టి విడివిడి చుక్కలుగా, ఒకదానికొకటి తగలనంత ఎడంగా పేస్టు పెట్టాలి. ఒక్కో బిడ్డ తన బ్రష్‌తో ఒక్కో చుక్కను అద్దుకుంటుంది. పని అయ్యాక ఆ కాగితాన్ని పారవేయాలి. పిల్లలు కూర్చునే బ్రష్ చేసుకోవాలి. బ్రష్ నోట్లో ఉండగా నడిచినా పరుగెత్తినా పడిపోయి గొంతులోనో అంగిట్లోనో గాయమయ్యే ప్రమాదం ఉంది.

బ్రష్ తల చిన్నదిగా, కుచ్చు మెత్తనిదిగా ఉండాలి. చిగురు అంచు మీద కుచ్చును ఆనించి చిన్న చిన్న వలయాలుగా తిప్పుతూ, ముందు బయటి వైపు, తరువాత లోపలి వైపు, చివరకు దవడ పళ్ల నమిలే భాగాల మీద తోమించాలి. రెండు నిమిషాలు గడిచేదాకా గడియారం చూపించవచ్చు, లేదా ఏదైనా లెక్క చదివించవచ్చు. పిల్లలు తమంతట తాము చేసుకున్నది ఎంత చక్కగా కనిపించినా, ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా దవడ చివరి పళ్ల దాకా బ్రష్‌ను సరిగా తీసుకుపోయే నేర్పు వారి చేతులకు ఉండదు. అందుకే పక్కన పెద్దవారు ఉండి, అవసరమైన చోట చేయి కలపాలి.

తోముకున్న తరువాత నురగను కాగితపు రుమాలులోనో, వాడి పారేసే కప్పులోనో ఉమ్మించాలి. నీళ్లతో పుక్కిలించనివ్వకూడదు. చాలామందికి ఈ మాట ఆశ్చర్యంగా అనిపిస్తుంది. అయితే పంటి మీద పలచగా మిగిలిన పేస్టే ఆ తరువాత గంటల తరబడి పనిచేస్తుంది. వెంటనే నీళ్లతో కడిగేస్తే, ఏ ఫ్లోరైడ్ కోసం ఇంత ఏర్పాటు చేశామో అదే కొట్టుకుపోతుంది. ఇంట్లో పెద్దలు కూడా పాటించవలసిన నియమమిది.

చివరగా బ్రష్‌లను ఒకదాని తరువాత ఒకటి ధారగా పడే నీటి కింద కడిగి, విదిలించి, కుచ్చు పైకి ఉండేలా నిలబెట్టాలి. అన్నిటినీ ఒకే గిన్నెలో ముంచి కడగడం, క్రిమిసంహారక ద్రావణాల్లో నానబెట్టడం తప్పు. బ్రష్‌లు నిలబెట్టే చట్రంలో ఒక్కో రంధ్రానికీ మధ్య తగినంత ఎడం ఉండాలి, పైన గాలి ఆడే మూత ఉండాలి. ఇంకా అక్షరాలు చదవలేని పిల్లలకు పేరుతో పాటు ఒక గుర్తును కూడా బ్రష్ మీదా, చట్రం మీదా అతికిస్తే ఎవరి బ్రష్ వారే తీసుకుంటారు. కింద పడిన బ్రష్‌ను, వేరొకరి నోట్లో పెట్టుకున్న బ్రష్‌ను కడిగి మళ్లీ వాడకుండా పారవేయాలి. మూడు నెలలకోసారి, లేదా కుచ్చు విచ్చుకుపోతే అంతకంటే ముందే, కొత్తవి ఇవ్వాలి. నోట్లో పుండ్లు, జ్వరం, అంటుకునే జబ్బు ఉన్న బిడ్డ తగ్గేదాకా ఇంట్లోనే బ్రష్ చేసుకుంటే చాలు.

బడిలో చేయించేది రోజుకు ఒక్కసారే. రెండవది రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో జరగాలి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది గనుక రాత్రివేళ పన్నుకు సహజ రక్షణ ఉండదు. రాత్రి బ్రష్ చేశాక నీళ్లు తప్ప మరేమీ నోట్లోకి పోకూడదని తల్లిదండ్రులకు వివరంగా చెప్పి, ఇంటికి ఒక బ్రష్, పేస్టు కూడా పంపగలిగితే మరీ మంచిది. డబ్బు సర్దుబాటు కోసం స్థానిక ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు, ఫ్లోరైడ్ టూత్‌పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధాల ఆదర్శ జాబితాలో చేర్చిన సంగతిని విజ్ఞప్తిలో తప్పక ప్రస్తావించండి. బడికి టీకాలు, మందులు ఇవ్వడం ఎంత సమంజసమో పేస్టు ఇవ్వడమూ అంతే సమంజసం.

తీపి తగిలే సార్లు తగ్గించడం

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో చక్కెర దొరకడం కష్టమైనప్పుడు నార్వే, జపాన్ వంటి దేశాల్లో పిల్లల పళ్లు పుచ్చడం బాగా తగ్గింది, కొరత తీరిన తరువాత మళ్లీ పెరిగింది. అంతటి కొరతను ఎవరూ కోరుకోరు గాని, చుట్టూ దొరికేదాన్ని బట్టి పళ్ల పరిస్థితి మారుతుందని ఆ అనుభవం చెబుతోంది. విడివిడిగా కలిపే చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజువారీ శక్తిలో 10 శాతం మించకూడదని, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 2000 కిలో కేలరీలు తీసుకునే పెద్దవారికి 10 శాతం అంటే 50 గ్రాములు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదానిలోనే సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది.

బడిలోనూ సంరక్షణ కేంద్రంలోనూ భోజనానికీ భోజనానికీ మధ్య నీళ్లు, తీపి కలపని పాలు మాత్రమే తాగడానికి ఉండాలని నియమం పెట్టుకోవడం తేలిక, దాని ఫలితమూ ఎక్కువే. అందుకు ముందుగా మంచినీళ్లు ఎప్పుడూ, అందరికీ అందేలా చూడాలి. నీళ్లు లేని బడిలో శీతల పానీయాలను నిషేధించడంలో అర్థం లేదు. పిల్లలు బాగా చదివినందుకు మిఠాయి ఇచ్చే అలవాటు మానాలి. పుట్టినరోజుల వంటి సందర్భాల్లో తీపి తినాలనుకుంటే భోజనంతో పాటు ఒక్కసారే తినిపించాలి. పళ్లరసం బదులు పండునే ఇవ్వాలి.

పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం, పాలపీకను తేనెలో ముంచి ఇవ్వడం, రోజంతా చిన్న గుటకలుగా తీపి పానీయం తాగనివ్వడం వల్ల పళ్లు వచ్చిన కొద్ది నెలలకే పుచ్చు మొదలవుతుంది. పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అన్న మాట తరచూ వినిపిస్తుంది. కాని పాల దవడపళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉండవలసినవి. వాటి నొప్పి బిడ్డ తిండిని, నిద్రను, చదువును దెబ్బతీస్తుంది. వాటి అడుగున ఏర్పడుతున్న శాశ్వత దంతానికి కూడా చీము వల్ల హాని కలగవచ్చు. దీర్ఘకాలం మందులు వాడే పిల్లలకు చక్కెర లేని సిరప్‌లు దొరుకుతాయేమో వైద్యుణ్ణి అడగాలి.

ఆరో ఏట వచ్చే దవడ పన్ను

ఆరేళ్ల వయసులో పాలపళ్ల వరుసకు వెనుక, ఏ పాలపన్నూ ఊడకుండానే, మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడలేదు కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దాన్ని పాలపన్నుగానే పొరపడి పట్టించుకోరు. జీవితాంతం ఉండవలసిన ఆ పన్ను రెండు మూడేళ్లలోనే పుచ్చిపోవడం అతి సాధారణంగా జరిగే నష్టం. దాని నమిలే భాగంలోని గాడులు కొన్ని బ్రష్ కుచ్చులోని ఒక్క పోగు కూడా దూరలేనంత ఇరుకుగా ఉంటాయి. పైగా పూర్తిగా పైకి వచ్చేదాకా అది పక్క పంటి కంటే పల్లంగా ఉంటుంది కాబట్టి, మామూలుగా ముందుకు వెనక్కు తోమితే బ్రష్ దానిమీదుగా దాటిపోతుంది. నోటి మూల నుంచి బ్రష్‌ను అడ్డంగా పెట్టి ఆ ఒక్క పన్నునూ ప్రత్యేకంగా తోమాలని మొదటి తరగతి ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ చేతిలో బ్రష్ పట్టుకుని చూపించాలి.

ఆ గాడులను మూసివేసే సీలెంట్ అనే పలచటి పూత చాలా ఉపయోగకరమైనది. మత్తుసూది గాని, డ్రిల్ గాని లేకుండా, పన్నును శుభ్రం చేసి ఆరబెట్టి పూసే ఈ పనిని దంతవైద్య బృందం బడిలోనే చేయగలదు. లాలాజలం తగలకుండా పన్నును పొడిగా ఉంచడం కుదరకపోతే గ్లాస్ అయానమర్ అనే పదార్థాన్ని వాడవచ్చు. ఒకసారి పూసి వదిలేయకుండా ఏటా సరిచూసి, ఊడిన చోట మళ్లీ పూయించాలి. పన్నెండో ఏడు ప్రాంతంలో వచ్చే రెండవ దవడ పన్నుకు కూడా ఇదే వర్తిస్తుంది. బృందాన్ని పిలిపించే అవకాశం ఏడాదికి ఒకటి రెండుసార్లే ఉంటే, ఆరేడేళ్ల వారినీ పన్నెండు పదమూడేళ్ల వారినీ ముందు చూపించడం మేలు.

ఫ్లోరైడ్ ఉన్న జిగట పూత అయిన ఫ్లోరైడ్ వార్నిష్ దీనికంటే తేలిక. కనీసం ఆరు నెలలకోసారి శిక్షణ పొందినవారు దాన్ని చిన్న కుంచెతో పళ్లకు రాస్తారు. ఇప్పటికే గుంటలు పడిన పాలపళ్లకు, చికిత్స అందే దారి లేనప్పుడు, సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్ అనే ద్రావణం పుచ్చు ముందుకు పోకుండా ఆపగలదు. అయితే అది పుచ్చిన భాగాన్ని శాశ్వతంగా నల్లబరుస్తుంది. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పి, ఒప్పుకున్న తరువాతే వాడించాలి. చెప్పకుండా పూస్తే పన్ను నిలబడినా నమ్మకం పోతుంది.

తాగునీటి సంగతి

అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం 1945 జనవరిలో ప్రజలకు సరఫరా చేసే నీటిలో ఫ్లోరైడ్‌ను తగు మోతాదుకు సరిచేసిన మొదటి నగరమైంది. అప్పటి నుంచి కొన్ని దేశాలు ఆ దారి పట్టాయి, మరికొన్ని పట్టలేదు. అది ప్రభుత్వాలు నిర్ణయించవలసిన విషయం. మీరు చేయవలసింది మాత్రం, ఏ ఫ్లోరైడ్ కార్యక్రమం మొదలుపెట్టే ముందైనా తాగునీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించడం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములను ప్రపంచ ఆరోగ్య సంస్థ గరిష్ఠ పరిమితిగా సూచించింది. అంతకు మించి ఉంటే దంతాల మీద మచ్చలు, ఇంకా ఎక్కువైతే ఎముకల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, అక్కడ ముందుగా చూడవలసింది సురక్షితమైన నీటి వనరు. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. అటువంటి చోట్ల పేస్టు, వార్నిష్ ఎలా వాడాలో దంతవైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

వృద్ధులు, నొప్పితో ఉన్నవారు

పుచ్చును పిల్లల జబ్బుగానే చూడడం వల్ల వృద్ధులు మరుగున పడిపోతున్నారు. చిగురు కిందికి జారి బయటపడిన పంటి వేరుకు ఎనామెల్ ఉండదు గనుక అది త్వరగా పుచ్చుతుంది. రక్తపోటుకు, మానసిక రుగ్మతలకు వాడే కొన్ని మందులు నోరు ఎండిపోయేలా చేసి ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. చేతులు వణికేవారికి, మంచం పట్టినవారికి రోజుకు రెండుసార్లు బ్రష్ చేయించడం సంరక్షకుల పనుల జాబితాలో స్నానం, మందులతో పాటు రాసి ఉండాలి. కట్టుడు పళ్లను రాత్రి తీసి శుభ్రం చేయాలి.

పరీక్షలో నొప్పి, చీము, గుంటలు బయటపడినవారిని ఎక్కడికి పంపాలో ముందే తేల్చుకోకుండా పరీక్ష మొదలుపెట్టకూడదు. పంటినొప్పికి చిగురు మీద ఆస్పిరిన్ మాత్ర పెట్టడం కొందరికి అలవాటు. దానివల్ల చర్మం కాలి పుండు పడుతుంది తప్ప నొప్పి తగ్గదు. ముఖం వాయడం, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడానికో ఊపిరికో ఇబ్బంది కలగడం వంటివి కనిపిస్తే మరుసటి రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఏడాది తిరిగాక

అదే పద్ధతిలో, వీలైతే అదే వ్యక్తుల చేత మళ్లీ పరీక్ష చేయించి, మొదటి పుస్తకంలోని లెక్కతో పోల్చాలి. పాత గుంటలు ఎలాగూ పూడవు కాబట్టి ఈసారి చూడవలసింది కొత్తగా గుంటలు పడ్డ పిల్లల సంఖ్య, ముందున్న తెల్ల మచ్చల్లో ఎన్ని ఆగాయన్నది, పంటినొప్పితో బడి మానిన రోజులు. మార్పు కనిపించకపోతే మరొక అవగాహన సదస్సు పెట్టే బదులు, ఎక్కడ తెగిందో వెదకాలి. మధ్యలో ఫ్లోరైడ్ లేని పేస్టు కొన్నారేమో, పిల్లలు పుక్కిలించేస్తున్నారేమో, బ్రష్ చేయించిన రోజులు వారానికి రెండుకు పడిపోయాయేమో హాజరు పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూడాలి. దీర్ఘ సెలవుల్లో అలవాటు తప్పుతుంది గనుక బ్రష్‌లను ఇళ్లకు పంపాలి. కొత్త విద్యాసంవత్సరానికి చేరబోయే పిల్లల లెక్క తేలగానే బ్రష్‌లు, పేస్టు, అనుమతి పత్రాలు సిద్ధం చేసుకుని, బడి తెరిచిన మొదటి వారంలోనే బ్రష్ చేయించడం మొదలుపెట్టాలి.